పేరు ముందా, బండి ముందా

"సంతకం పెట్టావా, పెట్టలేదా? ముందు అది చెప్పు."

ఆసియా గొంతు పెంచలేదు. చెల్లెలు గొంతు పెంచకుండా అడిగినప్పుడే ఐజాజ్‌కు భయం. షెడ్డులో విప్పిన ఇంజను ముందు కూర్చుని, అప్పటికే శుభ్రంగా ఉన్న స్పానర్‌ను మళ్ళీ తుడిచాడు.

"పెట్టా."

"ఎప్పుడు?"

"పొద్దున, టీ బంకు కాడ. త్రికోటేశ్వరరావు బాబాయి కార్లోనే కాయితం రెడీగా పెట్టుకొచ్చాడు."

"చదివావా?"

"చదివాలే. ఉన్నదే రాశారు. లేంది ఏం రాయలా."

ఆసియా పక్కనున్న పాత టైరు మీద కూలబడింది. గోడ గడియారం పదికి పది తక్కువ చూపిస్తోంది. మూడింటికి ఆర్డీవో ఆఫీసులో విచారణ. గురజాలలో మాచర్ల రోడ్డు పక్కనున్న ఈ ఎనభై సెంట్లు ఎవరివో ఇవాళ తేలాలి. షెడ్డు, షెడ్డు వెనక ఇల్లు, ఇంటి వెనక వేపచెట్ల కింద నాన్నా తాతా పడుకున్న సమాధులు, అన్నీ ఆ ఎనభై సెంట్లలోనే ఉన్నాయి.

"ఏం రాశారో చూపించు."

ఐజాజ్ ఫోన్ తీసి ఫొటో తెరిచాడు. ఆసియా పైకి చదివింది.

"'మా తాతగారైన షేక్ యాకూబ్ 1964వ సంవత్సరమున బ్రతుకుదెరువు నిమిత్తము నడికుడి నుండి జావా మోటారు సైకిలుపై గురజాల వచ్చి, శ్రీ త్రికోటేశ్వరరావు గారి తాతగారి అనుమతితో వారి స్థలములో షెడ్డు వేసుకొనిరి. ఆ మోటారు సైకిలు వలననే మమ్ములను జావా వారు అని పిలుతురు. అంతకు పూర్వము ఈ స్థలముతో మాకు ఎట్టి సంబంధము లేదు.'"

"ఉన్నదేగా?" ఐజాజ్ స్పానర్‌తోనే పైకి చూపించాడు. గుమ్మం మీద ఎర్ర రంగు వెలిసిన బోర్డు. జావా యాకూబ్ మోటార్ వర్క్స్, 1964 నుంచి. "ఆ బోర్డు నేను రాయించిందా? తాత రాయించాడు. మనం ఊరంతా చెప్పుకోలా? నువ్వు ఆరో క్లాసులో వ్యాసం కూడా రాశావు."

అది నిజమే. జావా బండి మీద వచ్చిన తాత కథ గురజాలలో అందరికీ తెలుసు. ఆ కథలో ఇంత గొయ్యి ఉందని మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంట్లోంచి మైమూనా వచ్చింది. చేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది. కొడుకును చూసింది, కూతుర్ని చూసింది. కబురు ఆమెకు అప్పటికే చేరింది.

"ఒరేయ్, అనుమతితో అని ఉందంటగా. అది కూడా ఉన్నదేనా?"

"ఆ ఒక్క ముక్కేగా అమ్మీ."

"ఆ ఒక్క ముక్క కోసమే కారేసుకుని వచ్చాడు. నీకు టీ పోయించడానికి కాదు."

"ఊరికే ఏం పెట్టలేదత్తా." ఐజాజ్ భార్య ఫరా గుమ్మంలో నిలబడి అంది. మొగుణ్ణి వెనకేసుకురావాలనే ఆమె ఉద్దేశం. "ఇక్కడ కాంప్లెక్స్ కడతన్నారంట. రోడ్డు మీదికి రెండు షట్టర్లు మనకే ఇస్తామన్నారంట."

రోడ్డు మీద సున్నపురాయి లారీ ఒకటి పోయింది. దాని దుమ్ము వచ్చి విప్పిన ఇంజను మీద పడింది.

"మన ఇంట్లో మనకు రెండు షట్టర్లా?" అంది మైమూనా.

"పదేళ్ళ నుంచీ తిరుగుతన్నాం అమ్మీ." ఐజాజ్ లేచి నిలబడ్డాడు. "వాయిదా, వాయిదా, ఇంకో వాయిదా. ఆయన తాత 1931లో కొన్న దస్తావేజు ఆయన కాడ ఉంది. మన కాడ ఏముంది? బోర్డు. చేతికొచ్చింది తీసుకుందామనుకున్నా. తప్పా?"

బయట స్కూటీ ఆగిన చప్పుడైంది.

వచ్చింది వాళ్ళ లాయరు దేవిక. హెల్మెట్ తీయకుండానే లోపలికి నడిచింది. భుజానికున్న సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. మూడు నెలలుగా ఎదురు చూస్తున్న ఇనాం రిజిస్టర్ నకలు నిన్న సాయంత్రమే చేతికొచ్చిందట. ఇనాం అంటే సర్కారు ఎవరికైనా బహుమానంగా ఇచ్చిన భూమి. అలాంటి భూములన్నిటికీ లెక్క రాసిన పాత పుస్తకం అది.

"ఇది 1861లో రాసింది. ఇంగ్లీషు చేతిరాత. ఆసియా, నువ్వే చదువు. నేను చదివితే మీ అన్న నమ్మడు."

రెండే రెండు కాగితాలు. ఆసియా పిడుగురాళ్ళ హైస్కూల్లో సోషల్ చెప్తుంది, పిల్లల కోడిగీతలు చదివి చదివి ఆమె కళ్ళు అలవాటుపడ్డాయి. మొదటి కాగితం మీద వేలు పెట్టి ఒక్కో మాటా తెలుగులోకి మారుస్తూ వెళ్ళింది.

"ఊరు గురజాల. ఇనాం ఇచ్చింది కంపెనీ కలెక్టరు. ఇచ్చిన సంవత్సరం 1817. ఎందుకిచ్చారు? పయనీరు దళంలో దండయాత్రకు పోయి చేసిన సేవకు. ఎవరికి..."

ఆగిపోయింది.

"ఎవరికే?" అంది మైమూనా.

"జావా యాకూబ్‌కి."

ఐజాజ్ నవ్వాడు. "తాత పేరు 1861లో ఎట్టా ఉంటది?"

"తాత పేరు కాదు. తాతకు తాత, ఆయనకూ తాత. మన ఇంట్లో తరం విడిచి తరం యాకూబే కదా." ఆసియా కాగితం పైకెత్తి పట్టుకుంది. "ఇది రాసేనాటికి లోకంలో మోటారు సైకిలే లేదు భాయ్. జావా అంటే బండి కాదు. దేశం. సముద్రం అవతలి దీవి."

"నేను రాగిజావ అనుకున్నా," అంది ఫరా. అని, ఎవరూ నవ్వకపోయేసరికి తలదించుకుంది. ఒక్క క్షణం ఆగి మైమూనాయే నవ్వింది. ఆ నవ్వుతో షెడ్డులో బిగుసుకున్న గాలి కాస్త వదులైంది.

ఆసియా క్లాసులో నల్లబల్ల ముందు నిలబడ్డ టీచరే అయిపోయింది.

"1811. ఇంగ్లండులో రాజుకు మతి చెడింది. కొడుకు గద్దె పక్కన కూర్చుని రాజ్యం చూస్తన్నాడు. ఇవతల ఫ్రాన్సు నెపోలియన్ హాలండును మింగేశాడు. హాలండోళ్ళ చేతిలో ఉన్న జావా కూడా అట్టా ఫ్రాన్సోళ్ళ కిందికి పోయింది. అది శత్రువు చేతిలో ఉంటే తమ ఓడలు తిరగనీడని కంపెనీవాళ్ళకు భయం. మద్రాసు నుంచి ఓడల్లో దండు పోయింది. దాంట్లో పయనీర్లు పోయారు."

"అంటే?" అన్నాడు ఐజాజ్.

"తుపాకీ పట్టినోడి కంటే ముందు గడ్డపార పట్టుకుని నడిచేవాడు. దారి వెయ్యాలి, కందకం పూడ్చాలి, కోటకు నిచ్చెన మొయ్యాలి. గుండు మొదట తగిలేది వాడికే. అట్టా పోయి, బతికి తిరిగొచ్చాడు మన యాకూబ్. జావా పోయొచ్చినోడు కాబట్టి జావా యాకూబ్."

మైమూనా పిండి చేతిని కొంగుకు తుడుచుకుంది.

"మీ తాత ఆ బండి కొన్నప్పుడు నేనింకా ఈ ఇంటికి రాలా. కానీ ఆయన చెప్పేవాడు. ఇక్కడి నుంచి పనిమీద నడికుడి పోతే, స్టేషను కాడ అమ్మకానికి పెట్టారంట. టాంకీ మీద జావా అని రాసుంటే చూసి, మన పేరున్న బండి వచ్చిందిరా అని చెప్పి కొన్నాడంట. ముసలాయన ఏదో సరదాకు అంటన్నాడనుకున్నాం."

షెడ్డులో నలుగురూ ఆమె వైపు చూశారు.

"పేరు చూసి బండి కొన్నాడు," అంది ఆసియా మెల్లగా. "బండి చూసి పేరు రాలేదు. అరవై ఏళ్ళుగా మనం కథను తిరగేసి చెప్పుకుంటన్నాం."

ఐజాజ్ స్పానర్ కింద పెట్టాడు. "మరి ఆ దీవి ఏమైంది?"

"గెలిచారు. మూడేళ్ళు తిరక్కముందే లండన్‌లో పెద్దమనుషులు బల్ల ముందు కూర్చుని, హాలండోళ్ళతో ఒప్పందం రాసుకుని తిరిగిచ్చేశారు. చచ్చినోళ్ళను ఎవరూ అడగలా." ఆసియా అన్న కళ్ళలోకి చూసింది. "ఇవాళ పొద్దున టీ బంకు కాడ నువ్వు చేసిందీ అదే."

ఐజాజ్ ఇంజను మీద పడ్డ దుమ్మును గుడ్డతో తుడిచాడు.

"రెండో కాయితం కూడా చదువు," అంది దేవిక. ఆమె గొంతులో ఇందాకటి హుషారు లేదు.

రెండో కాగితం మీద మూడే వరుసలు. ఆసియా వాటిని రెండుసార్లు చదువుకుంది. మూడోసారి పైకి చదివింది.

"సదరు భూమి ఇద్దరికి ఉమ్మడి. పంపకం కాలేదు. జావా యాకూబ్‌కు సగం. అదే దళంలో పోయొచ్చిన జావా కోటయ్యకు సగం. ఈ కోటయ్య వారసులు కూడా గురజాలలోనే కాపురం."

"ఏ కోటయ్య?" అంది మైమూనా.

"పల్నాడులో కోటయ్య లేని ఇల్లు ఏదుందమ్మా," అంది దేవిక. "కానీ ఈ భూమి మీదికి వచ్చిన ఇల్లు ఒకటే. త్రికోటేశ్వరరావు గారి తాత పేరు కోటయ్య. ఆ తాతకు తాత పేరు కూడా కోటయ్యే. ఇంటిపేరు ఇక్కడ రాయలేదు. రుజువు లేదు. నాకు అనుమానం మాత్రమే."

"అంటే సగం వాళ్ళదా?"

"కావచ్చు. అవతలివాళ్ళ కేసు అవతలివాళ్ళే నిరూపించుకోవాలి. వాళ్ళ కోసం మనం వెతికిపెట్టక్కర్లేదు. మొదటి కాయితం చాలు మనకు. రెండోది వెయ్యాలా వద్దా, అది మీ ఇష్టం."

"ఎయ్యొద్దు," అన్నాడు ఐజాజ్ వెంటనే. "సంచిలోనే ఉంచు."

"ఇందాక మొత్తం ఇచ్చేసినోడివి, ఇప్పుడు సగం కూడా ఇయ్యనంటన్నావా?" అంది మైమూనా.

"అప్పుడు తెలియక ఇచ్చా."

"ఇప్పుడు తెలిసి దాస్తావు."

ఆసియా రెండు కాగితాలనూ మడిచి తన సంచిలో పెట్టుకుంది. ఏం చేస్తుందో చెప్పలేదు.

* * *

మూడు కావడానికి పావుగంట ముందే త్రికోటేశ్వరరావు ఆర్డీవో ఆఫీసు వరండాలో ఉన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, వేలికి పచ్చరాయి ఉంగరం. రెండుసార్లు సర్పంచి చేసినవాడు. నలభై ఏళ్ళుగా ఊళ్ళో పంచాయితీలు చెప్పిన నోరు కాబట్టి తన కేసుకు వకీలును పెట్టుకోలేదు. తల్లి అలివేలమ్మను మాత్రం కారులో వెంట తెచ్చాడు. ఎనభై దాటిన మనిషి బెంచీ మీద కూర్చుని ఉంటే ఆఫీసరు మనసు కాస్త మెత్తబడుతుందని అతని లెక్క.

అలివేలమ్మకు ఆ లెక్కలేం పట్టలేదు. మైమూనాను చూడగానే పక్కకు జరిగి చోటు చూపించింది.

"ఏమే మైమూనా, మోకాళ్ళు ఎట్టా ఉండాయి?"

"ఉండాయత్తా, నాతోపాటే మొత్తుకుంటన్నాయి."

"నావి మొత్తుకోవడం కూడా మానేసినయి," అంది అలివేలమ్మ. ఇద్దరూ నవ్వారు.

"ఏమ్మా ఆసియా," అన్నాడు త్రికోటేశ్వరరావు, నవ్వుతూనే. "మీ అన్న పెద్దమనిషి. పొద్దున్నే తేల్చేశాడు. నువ్వింకా సెలవు పెట్టుకుని రావడం ఎందుకు?"

"సోషల్ పాఠం ఉంది బాబాయ్. ఇక్కడ చెప్పాలి."

ఆయన నవ్వు తగ్గలేదు, కళ్ళు మాత్రం ఆమె సంచి మీదికి వెళ్ళాయి.

లోపల ఆర్డీవో ఉపేంద్ర బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ. పక్కనే టైపిస్టు. అలివేలమ్మకూ మైమూనాకూ గోడవారగా కుర్చీలు వేయించాడు. మిగిలినవాళ్ళు నిలబడ్డారు.

త్రికోటేశ్వరరావు మొదలుపెట్టాడు. ఆయన వాదన తెలివిగా ఉంది, తొందరలేకుండా ఉంది. 1931లో తన తాత, పొరుగూరి కరణం దగ్గర ఈ ఎనభై సెంట్లూ కొన్నాడని దస్తావేజు చూపించాడు. 1964లో బతకడానికి వచ్చిన మెకానిక్‌కు జాలిపడి చోటిచ్చారన్నాడు. ఆఖరున ఐజాజ్ సంతకం పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"వాళ్ళ పేరే సాక్ష్యం సార్. జావా బండి ఎప్పుడొచ్చింది? వీళ్ళూ అప్పుడే వచ్చారు."

ఉపేంద్ర కాగితం చదివి తలెత్తాడు. "సంతకం ఎవరిది?"

ఐజాజ్ ఒక అడుగు ముందుకేశాడు. ఆసియా అతని వైపు చూడలేదు. చూస్తే, అడిగినట్టవుతుంది. ఇది అతనంతట అతను చెప్పాల్సిన మాట.

"నాదే సార్."

"అందులో ఉన్నది నిజమేనా?"

త్రికోటేశ్వరరావు ఉంగరాన్ని తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"పొద్దున నిజమే అనుకున్నా సార్," అన్నాడు ఐజాజ్. "కాదని పదింటికి తెలిసింది. తెలిశాక కూడా అవునంటే అబద్ధమవుద్ది. రెండు షట్టర్లకు ఆశపడి పెట్టా. వెనక్కి తీసుకుంటన్నా."

"ఒరేయ్ ఐజాజ్," అన్నాడు త్రికోటేశ్వరరావు.

"నన్ను మాట్లాడనియ్యి బాబాయ్. నువ్వు పొద్దున చానా మాట్లాడావు."

ఆసియా మొదటి కాగితం బల్ల మీద పెట్టింది. మూడు నిమిషాల్లో అంతా చెప్పింది. మతి చెడిన రాజు, నెపోలియన్, మద్రాసు ఓడలు, గడ్డపారలు మోసిన పల్నాటి మనుషులు. 1861 నాటి రిజిస్టర్‌లో ఉన్న జావా అనే మాట మోటారు సైకిలు మీద రాలేదని చెప్పి ముగించింది. టైపిస్టు టైపు చేయడం ఆపి వింటున్నాడు. ఉపేంద్ర ఒకసారి అతని వైపు చూస్తే మళ్ళీ మొదలుపెట్టాడు.

త్రికోటేశ్వరరావు ముఖం మారలేదు. ఇలాంటివి చాలా చూసిన ముఖం అది.

"బాగుంది సార్, కథ బాగుంది. వాళ్ళ యాకూబ్ జావా పోయాడో, బందరు పోయాడో నాకు తెలవదు. ఇనాం వచ్చిందే అనుకుందాం. మధ్యలో అమ్ముకుని ఉంటారు. అది చేతులు మారి కరణానికి వచ్చింది. కరణం కాడ మా తాత కొన్నాడు. 1931కి ముందు ఈ నేలతో మా వంశానికి ఏ సంబంధమూ లేదు. మేం కొనుక్కున్నవాళ్ళం. కావాలంటే రాసుకోండి."

"రాసుకోండి," అన్నాడు ఉపేంద్ర టైపిస్టుతో.

టైపు చప్పుడు ఆగేదాకా ఆసియా ఆగింది. సంచిలో ఉన్న ఆమె చేతి వేళ్ళకు రెండో కాగితం తగులుతోంది. షెడ్డు నుంచి ఇక్కడిదాకా దారి పొడవునా అది బరువుగానే ఉంది. ఇప్పుడు తేలికైంది. ఎందుకంటే ఇప్పుడిది సగం భూమి పోగొట్టే కాగితం ఒక్కటే కాదు. ఏ సంబంధమూ లేదని ఆయన తన నోటితోనే రాయించాడు. ఆ ఇంటి పాత పేర్లన్నీ తెలిసిన అలివేలమ్మ గోడవార కూర్చుని ఉంది.

కాగితం తీసి బల్ల మీద పెట్టింది. వెనక ఐజాజ్ ఒక అడుగు ముందుకేసి ఆగిన చప్పుడు ఆమెకు వినిపించింది. దేవిక తల వంచుకుని పెన్ను మూత తిప్పుతోంది.

"ఇదీ అదే రిజిస్టర్ సార్. రెండో పేజీ. మాకు నష్టం వచ్చేది. అయినా ఇస్తన్నా."

ఉపేంద్ర చదివాడు. చదివి కాగితాన్ని త్రికోటేశ్వరరావు వైపు తిప్పాడు. "జావా కోటయ్య అని ఒకరున్నారు. సగం భాగం. వారసులు గురజాలలోనే అని ఉంది. మీవాళ్ళా?"

ఉంగరం తిప్పుతున్న త్రికోటేశ్వరరావు వేలు ఆగింది.

కోటయ్య మావాడే అంటే నలభై సెంట్లు చేతికొస్తాయి. కానీ వందేళ్ళ ముందే ఈ నేల తమదైతే, 1931లో పొరుగూరి కరణం దగ్గర మొత్తం ఎందుకు కొన్నారు? ఆ దస్తావేజు ఎక్కడ పుట్టింది? కాదంటే దస్తావేజు నిలుస్తుంది. కానీ వంశంలో ఒక మనిషిని నలుగురి ముందు చెరిపేసినట్టవుతుంది. ఆ లెక్కంతా ఆయన కళ్ళలో కదలడం ఆసియాకు కనిపించింది.

"ఎవరో కోటయ్య సార్," అన్నాడు చివరికి. "ఊళ్ళో కోటయ్యలు వందమంది. మావాడు కాదు."

"మనోడేరా."

ఆ మాట గోడవార నుంచి వచ్చింది. అందరూ తిరిగి చూశారు. అలివేలమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేస్తోంది. మైమూనా ఆమె మోచేతి కింద చెయ్యి వేసింది.

"అమ్మా, నువ్వు కూర్చో."

"ఎందుకు కూర్చుంటానురా? నేను కాపురానికొచ్చిన మొదటి ఏడే మా అత్త చెప్పింది. కార్తీక అమావాస్యకు అందరి పేరునా పెట్టినాక, సముద్రం మీద పోయొచ్చిన కోటయ్యకని వేరే విస్తరి వెయ్యమని. అరవై రెండేళ్ళుగా వేస్తన్నా. ఆ అన్నం నువ్వూ తిన్నావు. ఇప్పుడు నలుగుర్లో మావాడు కాదంటావా?"



"పెద్దామెకు వయసు మీద పడింది సార్," అన్నాడు త్రికోటేశ్వరరావు. "ఏదో..."

"మోకాళ్ళకు మీద పడింది. బుర్రకు కాదు."

ఉపేంద్ర పెదవి బిగబట్టాడు. నవ్వు ఆపుకున్నాడో, కోపం ఆపుకున్నాడో తెలియలేదు. చేయి చాచి 1931 దస్తావేజును దగ్గరకు లాక్కున్నాడు. మడతలు జాగ్రత్తగా విప్పాడు. సాక్షుల సంతకాల దగ్గర ఆగాడు.

"అమ్మా," అన్నాడు. "కోటయ్య మీవాడైతే, ఈ భూమి సగం అప్పటికే మీది. మీది మీరే కొనుక్కోరు కదా. మరి ఈ దస్తావేజు సంగతి మీకేమైనా తెలుసా? ఎవరు రాయించారు?"

త్రికోటేశ్వరరావు చెయ్యి గబుక్కున బల్ల మీదికి వచ్చింది. ఉపేంద్ర కాగితాన్ని ఒక జానెడు వెనక్కి జరిపాడు. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"అమ్మా," అన్నాడు త్రికోటేశ్వరరావు. ఈసారి అది గదమాయింపు కాదు. బతిమాలడం.

అలివేలమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత కొంగు భుజం మీదికి లాక్కుని, మైమూనా చేతిని ఊతగా పట్టుకుని, బల్ల వైపు నడిచింది.

"కళ్ళద్దాలు కారులో ఉండాయి సార్," అంది. "కానీ ఆ రాత నాకు చూడనక్కర్లేదు. అది మా ఇంట్లో, నా ఎదుటే రాశారు. కాపురానికొచ్చిన రెండో ఏడు."

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. 1931కి అలివేలమ్మ ఇంకా పుట్టనే లేదు.